‘నీరటి’ అంటే ఎవరు? పాత పహాణీలో కనిపించిన ఒక వృత్తిపదం

ప్రశ్న

మెదక్ ప్రాంతంలోని మా ఊరి పాత పహాణీ (ఊరి భూముల, సాగు వివరాల రికార్డు) నకలు చదువుతుండగా ఒక సర్వే నంబరు ఎదురుగా ‘నీరటి ఇనాం’ అన్న మాట కనబడింది. నీళ్లు మోసి తెచ్చేవాడని మొదట అనుకున్నాను. ఒక కార్యాలయంలో అడిగితే ఊరి కావలివాడని చెప్పారు. అయితే కావలి పనికి అదే పహాణీలో ‘సేత్‌సింధి’ అన్న వేరే మాట ఉంది కనుక ఆ జవాబు నాకు సరిపోలేదు. అంతర్జాలంలో వెతికితే పోయిన ఏటిదన్న అర్థంలో వాడే ‘నిరుటి’యే ఎక్కువగా వస్తోంది. నీరటి చేసిన పని ఏమిటి, ‘నీరటి’, ‘నీరడి’లలో ఏ రూపం సరైనది, ఆంధ్ర ప్రాంతంలో ఈ పనికి వేరే పేరు ఉందా అన్నవి తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: వరంగల్ నుంచి

మీ అనుమానం సరైనదే. నీరటి నీళ్లు మోసేవాడు కాడు, కావలివాడూ కాడు. చెరువు నీటిని ఆయకట్టు పొలాలకు పంచే గ్రామసేవకుడు. మా వైపు నీరటి, నీరడి అనే రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి, రెండూ ఇంటిపేర్లుగా కూడా నిలిచాయి. కాబట్టి ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని తేల్చవలసిన అవసరం లేదు.

తూము ఎత్తడం, దించడం మాత్రమే ఆయన పని అనుకుంటే ఈ పదం బరువు మనకు తెలియదు. వానాకాలంలో చెరువు నిండుతున్నప్పుడు కట్ట మీద తిరుగుతూ ఎక్కడైనా బుంగ పడిందా అని చూసుకోవడం, మత్తడి (అలుగు) దుంకే వేళకు ఊరిని హెచ్చరించడం, కాలువల్లో పూడిక తీయించడం ఆయన బాధ్యతల్లోనివే. మా ప్రాంతంలో చెరువులు ఎక్కువగా గొలుసుకట్టుగా ఉంటాయి, పై చెరువు మత్తడి నీరు కింది చెరువులోకి చేరుతుంది. అందువల్ల తన చెరువు ఒక్కటే కాక ఎగువన ఉన్న చెరువు ఎంత నిండిందో కూడా ఆయన కనిపెట్టి ఉండవలసి వచ్చేది.

అన్నిటికన్నా కష్టమైనది పంపకం. చెరువులో మిగిలిన నీటిని బట్టి యాసంగి (రబీ)లో ఎంత భూమి సాగు చేయవచ్చో ముందుగా నిర్ణయించుకోవడాన్ని తైబందీ అంటారు. ఆ నిర్ణయాన్ని పొలంలో అమలు చేసేది నీరటియే. తూముకు దగ్గరగా ఉన్న మడి దానంతటదే తడుస్తుంది, కాలువ చివరి మడికి మాత్రం ఎవరో ఒకరు పూనుకొని వంతు ప్రకారం నీరు చేర్చాలి. చాలా ఊళ్లలో ఈ పని తరతరాలుగా దళిత కుటుంబాల చేతిలో ఉండేది. ఆయకట్టులో పెద్ద కమతాలున్న వారి మడికి కూడా, వంతు అయిపోగానే నీరు ఆపివేయవలసిన మనిషి ఆయనే అని గుర్తుంచుకుంటే, ఆ పని ఎంత ఓర్పును, ఎంత ధైర్యాన్ని కోరేదో అర్థమవుతుంది.

ప్రతిఫలంగా కళ్లం దగ్గర రైతులు ధాన్యం కొలిచి ఇచ్చేవారు. దానిని మేర అంటారు. దానికి తోడు కొన్ని ఊళ్లలో కొంత భూమి ఇనాంగా ఉండేది. మీ పహాణీలో కనిపించినది అదే.

జవాబు: అనంతపురం నుంచి

మా రాయలసీమలో ఇదే పనికి ‘నీరుగంటి’ అన్న పేరు ఉంది. పక్కనున్న కన్నడ సీమలోనూ నీరుగంటి అనే అంటారు, తమిళంలో ‘నీర్‌కట్టి’ అంటారు. విజయనగర కాలం నుంచి వస్తున్న పన్నెండుగురు ఆయగాండ్ర (గ్రామసేవకుల) వ్యవస్థలో కరణం, తలారి, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి వంటివారితో పాటు నీరుగంటికీ స్థానం ఉండేది.

ఇందులోని ‘గంటి’ని చూసి, తూము ఎత్తే ముందు గంట కొట్టేవాడు కనుక ఈ పేరు వచ్చిందని కొందరు చెబుతారు. నేను దానిని అంగీకరించను. పొలం తడపడాన్ని రైతులు నేటికీ ‘మడికి నీళ్లు కట్టడం’ అంటారు. తమిళ రూపంలో ‘కట్టి’ స్పష్టంగా కనిపిస్తోంది, తెలుగులో ‘నీరుగట్టి’ అన్న రూపమూ ఉంది. కాబట్టి నీరు కట్టేవాడు అన్న అర్థమే నాకు సహజంగా తోస్తోంది.

ఒక సూచన కూడా చేయదలచాను. కృష్ణా, గోదావరి డెల్టా కాలువల మీద పనిచేసే ‘లష్కరు’ను దీనికి సమానపదంగా వాడకండి. సైన్యం అనే అర్థమున్న పారసీ మాట నుంచి వచ్చిన ఆ పేరు ప్రభుత్వ నీటిపారుదల శాఖ ఉద్యోగిది. లష్కరు పై అధికారి ఉత్తర్వు ప్రకారం కాలువ తలుపు తీస్తాడు, నీరుగంటి ఊరి కట్టుబాటు ప్రకారం తూము తీసేవాడు.

జవాబు: నీరటి కుటుంబం నుంచి

మా తాతగారు ఈ పని చేశారు. 1984లో పటేల్, పట్వారీ, కరణం, మునసబు పదవులు రద్దయిన తరువాత కూడా గ్రామసేవకులు కొనసాగారు. పిమ్మట నీరడి, కావల్‌కార్, సేత్‌సింధి వంటి వేర్వేరు పేర్లన్నీ గ్రామ రెవెన్యూ సహాయకుడు అన్న ఒకే పేరులో కలిసిపోయాయి. తెలంగాణలో 2023లో ఆ సహాయకులను వివిధ శాఖల్లో సర్దుబాటు చేసినప్పుడు కొందరిని నీటిపారుదల శాఖకు పంపారు. పదం మాత్రం అంతకుముందే నోళ్ల నుంచి జారిపోయింది, ఎందుకంటే బోర్లు వచ్చాక ఎవరి నీరు వారిదే అయింది, వంతు కోసం ఎదురుచూడవలసిన అవసరం తగ్గింది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీశారు, అందుకు మేమందరం సంతోషించాం. అయితే ఆ నీటిని పంచే మనిషి కూడా చెరువులో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

దయచేసి ఈ మాటను ‘కావలివాడు’ అని అనువదించవద్దు. ఒక్క మాటలో చెప్పవలసి వస్తే ‘నీటి పంపకందారు’ అని రాయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులను నిన్న రాత్రి మా అమ్మకు చదివి వినిపించాను. ‘నీరటి’ అనగానే ఆమెకు గుర్తురాలేదు గాని, తూము మాట వచ్చేసరికి “నీరటాయనా! ఆయన వచ్చి పిలిస్తేనే మేము పార పట్టుకొని మడికి పోయేవాళ్లం” అంది. ఆ భూమి ఏ కుటుంబానిదో కూడా ఆమె చెప్పింది. వారి అనుమతి తీసుకొని ఆ పహాణీ నకలును వారికి అందజేయబోతున్నాను.