అద్దెకివ్వడానికి కొనే ఇంట్లో ఏ లోపంతో సర్దుకోవచ్చు, దేనితో సర్దుకోకూడదు?

‘తొలి అడుగు’ అనే మారుపేరుతో ఒకరు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. అద్దెకిచ్చే ఉద్దేశంతో ఒక ఫ్లాటు కొందామని ఎనిమిది నెలలుగా తిరుగుతున్నాను. ఇప్పటికి ముప్పైకి పైగా చూశాను. ప్రతిదానిలోనూ ఏదో ఒక వంక కనిపించి వెనక్కి తగ్గుతున్నాను. వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చినట్టుంది నా వరస అని ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు.

చివరికి రెండు మిగిలాయి. మొదటిది పాత భవనంలో మూడో అంతస్తు, దానిపైన ఇక డాబాయే. రైల్వే స్టేషనుకు నడిచి వెళ్లేంత దగ్గర, గదులు విశాలమైనవి, కానీ లిఫ్టు లేదు. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. రెండోది ఊరి చివర కొత్త సముదాయంలో ఉంది. లిఫ్టు, పార్కింగు, బాల్కనీ అన్నీ ఉన్నాయి, కానీ బస్సు ఎక్కాలన్నా చాలా దూరం నడవాలి. పైగా అచ్చం అలాంటి ఫ్లాట్లు ఆ ఆవరణలోనే వందకు పైగా ఉన్నాయి. ధర దాదాపు ఒకటే. ఏ లోపాన్ని భరించవచ్చో, ఏది చూడగానే లేచి రావాలో మీ అనుభవంతో చెప్పగలరా?

లెక్కల పుస్తకం ఇచ్చిన జవాబు:

మీరు లోపాలను కంటితో చూస్తున్నారు, వాటిని ఒకసారి అద్దె లెక్కలోకి మార్చి చూడండి. ఇంటి ధర 100 అనుకుందాం, ఏడాది అద్దె 5 అనుకుందాం. ఏడాదికి ఒక నెల ఖాళీగా ఉంటే చేతికి వచ్చేది 4.58. పన్ను, బీమా, నిర్వహణ రుసుము, చిల్లర మరమ్మతులు కలిపి 1 పోతే మిగిలేది 3.58. అదే రెండు నెలలు ఖాళీగా ఉంటే 3.17కి పడిపోతుంది. ఇరుకు వంటగది అద్దెను కాస్త తగ్గిస్తుందేమో కానీ ఇంటిని నెలల తరబడి ఖాళీగా ఉంచదు. బస్సుకు దూరంగా ఉండడం ఉంచుతుంది. పైగా ఒకే రకం ఇళ్లు వంద ఉన్నచోట, తొందరలో ఉన్న ఒక యజమాని అద్దె తగ్గిస్తే మిగిలినవారంతా ఆ మెట్టుకు దిగక తప్పదు.

అప్పు తీసుకుంటున్నారా అన్నది మీరు రాయలేదు. 100లో 80 అప్పు చేసి, వడ్డీ 8 శాతం అనుకుంటే, మొదటి ఏడాది వడ్డీయే 6.4 అవుతుంది. పైన మిగిలిన 3.58 అందులో సగానికి కాస్త పైన మాత్రమే. తక్కినది మీ జీతంలోంచి కట్టాలి. ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా ఆ కటకట తగ్గదు. నన్నడిగితే సర్దుకోకూడనిది మొదట ఇక్కడే: ఆరు నెలలు అద్దె రాకపోయినా వాయిదాలు కట్టగలిగే స్తోమత లేకుండా ఏ ఇల్లూ కొనవద్దు. ఇక లిఫ్టు, వంటగది లాంటివి బేరానికి పనికొచ్చే లోపాలు. వాటిని చూపించి ధర తగ్గించుకోండి, ఆ తగ్గింపే మీ లాభం.

తడిగోడ ఇచ్చిన జవాబు:

నేను సర్దుకోకూడని చోట సర్దుకున్నవారిలో ఒకరిని కనుక ఈ మాట రాస్తున్నాను. నేను కొన్న ఇల్లు కింది అంతస్తులో ఉండేది. చూడడానికి వెళ్లింది మండు వేసవిలో. ముందు గదిలో ఒక గోడకు మాత్రం నడుము ఎత్తు వరకే కొత్త రంగు వేసి ఉంది. దాని ముందు ఒక బీరువా అడ్డంగా పెట్టారు. చూశాను, వింతగానే అనిపించింది, అయినా నచ్చిన ధరకు వస్తోంది కదా అని అడగకుండా ఊరుకున్నాను. వానలు మొదలైన మూడో వారానికి ఆ రంగు పొరలు పొరలుగా లేచింది. దాని వెనక గోడంతా చౌడు పట్టి, వేలితో గీరితే తెల్లని పొడి రాలింది. నేలలోని తేమ ఇటుకల్లోంచి పైకి ఎక్కి, నీరు ఆరాక దానిలోని లవణాలు గోడ మీద మిగిలిపోతాయట. పైపైన రంగు వేస్తే అది ఆగదు, మూలం నేలలో ఉంది. రెండేళ్లలో ఇద్దరు అద్దెదారులు ఖాళీ చేశారు, వాళ్లను తప్పుపట్టలేను.

తెలిసి ఒప్పుకుంటే అది రాజీ. అడగకుండా వదిలేస్తే గుడ్డితనం. మీ మొదటి ఫ్లాటులో లిఫ్టు లేదన్న సంగతి అందరికీ కనిపిస్తోంది కనుక అది నన్ను భయపెట్టడం లేదు. నెత్తిమీద ఉన్న డాబా భయపెడుతోంది. పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లి పైకప్పు మూలలు చూడండి. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి చూడండి. రాత్రి పదింటికి ఒకసారి ఆ వీధిలో నడవండి. దస్తావేజుల్లో చిన్న అనుమానం ఉన్నా మాత్రం ధర ఎంత తగ్గించినా వద్దు. దానికి బేరం లేదు.

నిదానం ఇచ్చిన జవాబు:

లెక్కల పుస్తకం గారు చెప్పిన దాంట్లో ఒక్క విషయంతో నేను ఏకీభవించను. లోపం చూపించి తగ్గించుకున్న ధరంతా లాభం కాదు. 100 విలువైన ఇల్లు పాడైన వంటగది వల్ల 92కి వచ్చి, 3 ఖర్చుతో అది బాగుపడితే, మిగిలిన 5 నిజంగా మీదే. కానీ లిఫ్టు పెట్టే వీలులేని భవనంలో ఇల్లు 92కి వస్తే, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవారు కూడా అదే వంక చూపించి అంతే తగ్గిస్తారు. మధ్యలో మీకు దక్కేది ఒక్కటే: అద్దె 5 దగ్గరే నిలిస్తే, 92 మీద అది 5.43 శాతం అవుతుంది. ఇదీ తక్కువేమీ కాదు, కానీ చాలా ఏళ్లు ఉంచుకునేవారికే పనికొస్తుంది. నాలుగైదేళ్లలో అమ్మే ఆలోచన ఉంటే మెట్లెక్కలేని పెద్దవారున్న కుటుంబాలన్నీ మీ కొనుగోలుదారుల జాబితాలోంచి పోయినట్టే.

ఇక ముప్పై ఇళ్లు చూశానన్నారు. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన హెర్బర్ట్ సైమన్ వాదన ఇక్కడ గుర్తుకొస్తుంది: మనుషులు అన్నిటికంటే ఉత్తమమైనదాన్ని వెదికి పట్టుకోలేరు, ముందుగా ఒక గీత గీసుకుని దాన్ని దాటినదాన్ని ఎంచుకుంటారు. మీరు ఆ గీత గీసుకోకుండానే బయలుదేరినట్టున్నారు. బాల్కనీ ఉందా అని చూస్తున్నారంటే, మీరు కాపురం ఉండబోయే ఇంటిని వెదుకుతున్నారేమోనని నా అనుమానం.

తొలి అడుగు తిరిగి రాసినది:

అందరికీ ధన్యవాదాలు. బాల్కనీ మాట నిజమే, నాకు తెలియకుండానే అక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఊహించుకున్నాను. అప్పు ధరలో సగమే తీసుకుంటాను, కనీసం పన్నెండేళ్లు అమ్మే ఉద్దేశం లేదు.

నిన్న రాత్రి వాన పడింది. పొద్దున్నే మొదటి ఫ్లాటుకు వెళ్లి మెట్లు లెక్కపెట్టాను, యాభై నాలుగు. పడకగది పైకప్పు పొడిగానే ఉంది కానీ, వంటగది మూలలో అరచేతి వెడల్పున ఒక మరక కనిపించింది. తాకితే చల్లగా తగిలింది. డాబా మరమ్మతు ఖర్చు భవనంలోని అందరూ పంచుకుంటారా, పైఅంతస్తువారే భరించాలా అని అడిగితే యజమాని మాట మార్చారు. భవన సంఘం ఖాతా పుస్తకం చూపిస్తేనే ధర మాట్లాడుకుందామని చెప్పి వచ్చాను. రెండోదాన్ని మాత్రం వదిలేసుకున్నాను.