మొదటి స్కానర్: 120 డాలర్లలో ఏది కొనాలి?

టెక్సాస్‌లో డాలస్ పక్కన రిచర్డ్‌సన్ నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చాను. మొన్న రాత్రి గాలివానలో సైరన్లు మోగాయి, కరెంటు పోయింది, ఫోన్లో నెట్ కూడా సరిగ్గా రాలేదు. రూమ్మేట్లం నలుగురం ఏం జరుగుతోందో తెలియక గంటసేపు బాత్రూంలో కూర్చున్నాం. పోలీసులు, ఫైర్ వాళ్లు, పైలట్లు రేడియోలో మాట్లాడుకునేవి వినిపించే చేతి స్కానర్ ఒకటి ఉంటే బాగుండేదనిపించింది. బడ్జెట్ 120 డాలర్లు, మహా అయితే 150. ఆన్‌లైన్లో చూస్తే 30 నుంచి 700 డాలర్ల దాకా ఉన్నాయి. ఏది తీసుకోమంటారు? స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఇలాంటివి వాడితే ఇబ్బందేమైనా వస్తుందా?

ప్లానో నుంచి జవాబు

తమ్ముడూ, ముందు నీ టెన్షన్ తీరుస్తాను. అమెరికాలో ఇలా రేడియో వినడానికి లైసెన్స్ అక్కర్లేదు, వీసాతో దానికి సంబంధం లేదు. సెల్‌ఫోన్ మాటలు వినకూడదు. ఇక్కడ అమ్మే స్కానర్లలో ఆ బ్యాండ్లు ముందే మూసేసి ఉంటాయి. విన్నది సొంత లాభానికి వాడుకోకూడదు, యాక్సిడెంట్ అని వినగానే అక్కడికి పరిగెత్తకూడదు. అంతే.

ఆ రాత్రి మీరు బాత్రూంలోకి వెళ్లడం చాలా మంచి పని. 2019 అక్టోబరు 20, ఆదివారం రాత్రి ఉత్తర డాలస్‌లో ఈఎఫ్-3 తీవ్రత ఉన్న టోర్నడో వచ్చి మీ రిచర్డ్‌సన్ దాకా ఇళ్లు లేపేసింది. సైరన్ మోగితే తేలిగ్గా తీసుకోవద్దు. డాలస్‌లో నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం 12కి మోగేది మాత్రం టెస్టు.

స్కానర్ సంగతి తర్వాత. ముందు మీ చుట్టుపక్కల ఎవరు ఏ పద్ధతిలో మాట్లాడుకుంటున్నారో చూడు. రేడియోరిఫరెన్స్ సైట్లో టెక్సాస్ తెరిచి నీ కౌంటీ నొక్కు. రిచర్డ్‌సన్ కొంత డాలస్ కౌంటీలో, కొంత కాలిన్ కౌంటీలో ఉంది, రెండూ చూడాలి. ప్రతి వరుసలో మోడ్ అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఎఫ్ఎం అని ఉంటే అనలాగ్, చవక స్కానర్ చాలు. డీ అని ఉంటే డిజిటల్, టీ అని ఉంటే పీ25 ఫేజ్ 2 (పీ25 అంటే ఇక్కడి పోలీసులు, ఫైర్ వాళ్లు వాడే డిజిటల్ పద్ధతి, ఫేజ్ 2 దాని కొత్త రూపం). పక్కన ఇంగ్లీషు పెద్దక్షరం E ఉంటే ఎన్‌క్రిప్షన్, అంటే బయటివాళ్లకి అర్థం కాకుండా మాటకి తాళం వేయడం. దాన్ని 700 డాలర్ల స్కానర్ కూడా విప్పలేదు, ఎవరేం చెప్పినా నమ్మకు.

మన ప్లానో, ఆలెన్ లాంటి ఊళ్లలో పోలీసు, ఫైర్ అంతా పీ25 ట్రంకింగే. ట్రంకింగ్ అంటే మన ఆర్టీసీ బస్టాండ్ అనుకో. విజయవాడ బస్సు ఏ రోజు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో మైకులో చెబితేనే తెలుస్తుంది. ఇక్కడ ఆ మైకు పని చేసేది కంట్రోల్ ఛానల్. ఎవరు మాట్లాడాలన్నా అప్పటికి ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ ఇస్తుంది, మాట అయిపోగానే వెనక్కి తీసుకుంటుంది. ట్రంకింగ్ తెలియని స్కానర్ ఒకే ప్లాట్‌ఫాం మీద నిలబడి అన్ని బస్సుల కోసం ఎదురుచూసినట్టు ఉంటుంది.

దీని మీద ఇంకో చిక్కు సైమల్‌కాస్ట్. చాలా టవర్లు ఒకే మాటను ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకేసారి పంపిస్తాయి. ఊళ్లో రెండు గుళ్ల మైకుల్లో ఒకే సుప్రభాతం వస్తుంటే మధ్య వీధిలో నిలబడినవాడికి మాట అర్థం కాదు కదా, డిజిటల్ స్కానర్‌కీ అదే అవస్థ. దాన్ని బాగా తట్టుకునేది యూనిడెన్ ఎస్‌డీఎస్100. కానీ దాని ధర 600 దాటుతుంది, నీ బడ్జెట్‌కి అందదు. 350, 400 పెట్టి మధ్య రకం డిజిటల్ కొన్నవాళ్లు ఈ సైమల్‌కాస్ట్ దగ్గరే ఎక్కువగా బాధపడతారు. అప్పు చేసి మరీ ఆ మధ్య రకానికి వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాను.

నేనూ వచ్చిన మొదటి ఏడాది కొనడంలో ఒక పొరపాటు చేశాను. ఆన్‌లైన్లో ఒకతను పాత ట్రంకింగ్ స్కానర్ 90 డాలర్లకి పెట్టాడు. ‘800 మెగాహెర్ట్జ్ వస్తుంది, అన్నీ వినొచ్చు’ అన్నాడు. తీరా ఇంటికొచ్చి ఆన్ చేస్తే ఎక్కడ ఆగినా ఒకటే రొద, పిండిమర ఆగకుండా తిరుగుతున్నట్టు. స్కానర్ పాడైందనుకుని వారం రోజులు దాంతో కుస్తీ పట్టాను. అది నడుస్తూనే ఉంది. నేను విన్నది డిజిటల్ సిగ్నల్ శబ్దం. ఆ స్కానర్‌కి 800 వినడం వచ్చు, డిజిటల్‌ని మాటగా మార్చడం రాదు. అతను డబ్బు తిరిగి ఇవ్వలేదు. అందుకే పాతది కొనేటప్పుడు ‘పీ25 ఫేజ్ 1 వస్తుందా, ఫేజ్ 2 వస్తుందా’ అని విడివిడిగా అడుగు.

ఇక నీ 120 డాలర్లు. నీకు ముందు కావలసింది గాలివాన కబురు కాబట్టి, అందులోంచి 35, 40 తీసి ఒక వెదర్ రేడియో కొను. మిడ్‌ల్యాండ్ డబ్ల్యూఆర్120 మా ఇంట్లో మంచం పక్కనే ఉంటుంది. అందులో కౌంటీ కోడ్ పెట్టాలి: డాలస్‌కి 048113, కాలిన్‌కి 048085. ఆ కౌంటీకి హెచ్చరిక వస్తే నిద్రలో ఉన్నా లేపుతుంది. కరెంటు పోతే మూడు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. వాతావరణ శాఖ నేరుగా ఇచ్చే ప్రసారం అది, డాలస్‌లో 162.400 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది.

స్కానర్ అంటే నా ఓటు యూనిడెన్ బీసీ125ఏటీకి. దుకాణాన్ని బట్టి 100 నుంచి 150 మధ్య దొరుకుతుంది. వందకి దగ్గర్లో దొరికితేనే వెదర్ రేడియోతో కలిపి నీ 150లో సరిపోతుంది. 500 ఛానళ్లు, ఒక్కోదానికి పేరు రాసుకోవచ్చు, కంప్యూటర్‌తో నింపుకోవచ్చు. 700, 800 మెగాహెర్ట్జ్ రాదు, డిజిటల్ రాదు. మరి ఏం వస్తుందంటే, చాలానే వస్తుంది. విమానాలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఇప్పటికీ పాత ఏఎం పద్ధతిలోనే మాట్లాడతాయి. గూడ్స్ రైళ్లు 160, 161 దగ్గర ఉంటాయి. పట్టాల పక్కన పెట్టిన యంత్రం రైలు దాటగానే ఎన్ని ఇరుసులు వెళ్లాయో, లోపం ఉందో లేదో తనే గొంతు విప్పి చెబుతుంది. మొదటిసారి విన్నప్పుడు మా అబ్బాయి ఎగిరి గంతేశాడు.

నీకు అన్నిటికన్నా పనికొచ్చేది హామ్ రేడియో వాళ్ల (లైసెన్స్ తీసుకుని ఇష్టం కొద్దీ రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) స్కైవార్న్. తుఫాను వచ్చిన రాత్రి శిక్షణ పొందిన స్పాటర్లు రోడ్ల మీద నిలబడి, మేఘం ఏ దిక్కున తిరుగుతోందో, వడగళ్లు ఎంత సైజులో పడుతున్నాయో చెబుతారు. డాలస్‌లో 146.880 రిపీటర్ (అందిన మాటను మళ్లీ దూరానికి పంపే స్టేషన్) మీద వింటాం. అంతా అనలాగే. పోలీసులవి వినబడకపోయినా, ఆ రాత్రికి కావలసిన మాట అక్కడ ఉంటుంది.

విమానాల గురించి ఒకటి చెప్పాలి. మా అమ్మానాన్న మొదటిసారి దోహా మీదుగా వచ్చిన రోజు, ఎయిర్‌పోర్ట్ బయట కారులో స్కానర్ పట్టుకుని కూర్చున్నాను. ఖతార్ విమానాన్ని రేడియోలో ‘ఖతారి’ అని పిలుస్తారు. ఈస్ట్ టవర్ 126.550 మీద ఆ పిలుపు, వెంటనే ‘క్లియర్డ్ టు ల్యాండ్’ అన్న మాట విని నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. 70 ఏళ్లు దాటిన మనుషులు, అదే మొదటి విమాన ప్రయాణం. ఇంటి నుంచి టవర్ మాట రాకపోవచ్చు, అది నేల మీద ఉంటుంది. పైనున్న పైలట్ మాట మాత్రం వంద మైళ్ల దూరం నుంచి కూడా వస్తుంది.

కొన్నాక మొదట చూడాల్సింది బ్యాటరీ గది. లోపల ఒక చిన్న స్విచ్ ఉంటుంది, పెన్ను మొనతో జరపాలి. మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు వేసి స్విచ్ రీఛార్జబుల్ వైపు ఉంచి యూఎస్‌బీ పెట్టావంటే బ్యాటరీలు కారిపోయి స్కానర్ పాడవుతుంది. తర్వాత 25 డాలర్లు మిగిలినప్పుడు మంచి యాంటెన్నా కొను, బీఎన్‌సీ కనెక్టర్ ఉన్నదే చూసుకో.

ఇండియానాపొలిస్ నుంచి ఒక అక్క

ప్లానో తమ్ముడు చెప్పినవన్నీ బాగున్నాయి. కారు విషయం మాత్రం జాగ్రత్త బాబూ. మా ఇండియానాలో, పక్కన కెంటకీలో, ఇంకా న్యూయార్క్, ఫ్లోరిడాల్లో పోలీసు ఫ్రీక్వెన్సీలు వచ్చే స్కానర్ కారులో ఉంచుకోవడం మీద ఆంక్షలున్నాయి. హామ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి సాధారణంగా మినహాయింపు ఉంటుంది. సెలవులకి రోడ్ ట్రిప్ పెట్టుకుంటే దాన్ని ఇంట్లో వదిలి బయల్దేరు. ఇండియాకి కూడా తీసుకెళ్లకు. అక్కడ 1933 నాటి చట్టం కాలం నుంచీ వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడానికే అనుమతి కావాలి. తమ్ముడికి గిఫ్టు అనుకుని సూట్‌కేసులో పెడితే ఎయిర్‌పోర్టులో సమాధానం చెప్పుకోవాలి.

రిచర్డ్‌సన్ నుంచి మళ్లీ

అన్నయ్యా, అక్కా, చాలా థ్యాంక్స్. రూమ్మేట్ 25 డాలర్లకి బావోఫెంగ్ వాకీటాకీ కొందామంటున్నాడు. అదీ వింటుంది కదా?

ప్లానో నుంచి

వింటుంది, కానీ ఛానళ్లు తిప్పడం చాలా నెమ్మది. అసలు భయం వేరే. దానికి మాట్లాడే బటన్ ఉంది. లైసెన్స్ లేకుండా పొరపాటున నొక్కినా నిబంధన తప్పినట్టే. నీలాంటి కొత్తవాడి చేతిలో స్కైవార్న్ రాత్రి ఆ బటన్ ఉండకూడదు.

చవకగా కావాలంటే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (లాప్‌టాప్‌ని రేడియోగా మార్చే చిన్న యూఎస్‌బీ పరికరం) 30, 40 డాలర్లు. లాప్‌టాప్‌కి తగిలించి ఎస్‌డీఆర్‌ట్రంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే, ఎన్‌క్రిప్షన్ లేని పీ25 కూడా వినొచ్చు. మీరు కంప్యూటర్ పిల్లలు, రెండు సాయంత్రాల్లో పట్టేస్తారు. కరెంటు పోయినప్పుడు మాత్రం లాప్‌టాప్ మీద ఆధారపడకు. బ్రాడ్‌కాస్టిఫై యాప్‌లోనూ కొన్ని ఊళ్లవి వస్తాయి గానీ, ఆలస్యంగా వస్తాయి, నెట్ లేకపోతే అదీ లేదు.

మాట్లాడాలని ఉంటే హామ్ టెక్నీషియన్ పరీక్ష రాయి. 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే చాలు. పౌరసత్వం అక్కర్లేదు, ఇక్కడి చిరునామా ఉండాలి. లైసెన్స్ ఫీజు 35 డాలర్లు. 2004 డిసెంబరులో సునామీ వచ్చి అండమాన్‌లో ఫోన్లు పోయినప్పుడు, అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హామ్ బృందం రేడియో మీద కబుర్లు చేరవేసింది. ఆ బృందం మన హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లినదే. ఆ పని మనవాళ్లు నేర్చుకుంటే నాకు చాలా సంతోషం.

ఈ వారం వెదర్ రేడియో తెచ్చుకో, స్కానర్‌కి తొందరలేదు. రెండు కౌంటీల పేజీల్లో మోడ్ గడిలో ఏముందో చూసి ఇక్కడ పెట్టు. నీ ఛానళ్ల లిస్టు నేనే కూర్చుని రాసి పంపిస్తాను.