పిల్లలను తిడుతూ ఆన్‌లైన్‌లో రాసే టీచర్ల మీద చర్య తీసుకోవాలా?

నల్లబల్ల:
స్కూలు పేరు, పిల్లల పేర్లు లేకుండా రాసుకున్నా షోకాజ్ నోటీసు ఇవ్వాల్సిందేనా? ప్రతి ఉద్యోగీ తన చిరాకు ఎక్కడో ఒకచోట వెళ్లగక్కుతూనే ఉంటాడు. టీచర్ నోరే ఎందుకు కట్టేయాలి? చర్య వద్దనే నేనంటాను.

చివరి బెంచి:
పేరు లేకపోతే సరిపోతుందా అండీ? అమెరికాలో పెన్సిల్వేనియా టీచర్ నటాలీ మన్రో బ్లాగులోనూ పిల్లల పేర్లు లేవు, స్కూలు పేరూ లేదు. ప్రోగ్రెస్ కార్డుల్లో రాయాలని ఉన్నా రాయలేని రిమార్కులంటూ ఒక జాబితా పెట్టింది. తోబుట్టువు ఎలాంటివాడో వీడూ అంతే, మీకు పిల్లల్ని పెంచడం రాదా అన్నది అందులో ఒకటి. అన్నో అక్కో అదే టీచర్ దగ్గర చదివిన పిల్లలు ఒక స్కూల్లో ఎంతమంది ఉంటారు? చదివినవాళ్లు ఇట్టే లెక్కేస్తారు. ఆ బ్లాగుకి చందాదారులు తొమ్మిది మందే, వాళ్లలో ఆమె, ఆమె భర్త కూడా ఉన్నారు! అయినా 2011లో పిల్లల కంటపడింది. మా పిల్లల్ని ఆమె క్లాసులో వేయొద్దని తల్లిదండ్రులు పట్టుబట్టారు. 2012లో ఉద్యోగం పోయింది. పనితీరు బాగాలేదని యాజమాన్యం అంది, బ్లాగు వల్లేనని ఆమె కేసు వేసింది. 2015లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయింది. మార్కులు వేసే చేయి ఆమెది, తిరిగి జవాబు చెప్పుకునే వీలు ఆ పిల్లలకు లేదు. నాకు అసలు తేడా అక్కడే కనిపిస్తోంది.

సుజాత:
చర్య ఉండాలి, సరే. ఎంత? న్యూయార్క్‌లో 2010లో బీచ్‌కి వెళ్లిన వేరే స్కూలు పిల్ల మునిగి చనిపోయింది. మర్నాడే ఒక టీచర్, నా క్లాసు పిల్లల్ని కూడా బీచ్‌కి తీసుకెళ్తే బాగుణ్ణు అనే అర్థంలో ఫేస్‌బుక్‌లో రాసింది. చదివితే ఒళ్లు మండుతుంది. డిస్మిస్ చేశారు. కానీ ఆ శిక్ష మరీ ఎక్కువని కోర్టు కొట్టేసింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఆమె మీద మచ్చ లేదు, పోస్టు స్నేహితుల వరకే కనిపించేది, తర్వాత తీసేసింది కూడా. నాకు కోర్టు మాటే సబబు అనిపించింది. మొదటిసారికి మెమో, జీతంలో కోత. ఆ తర్వాత కూడా పిల్లల్ని మళ్లీ ఎగతాళి చేస్తే అప్పుడు ఉద్యోగం సంగతి చూడొచ్చు.

నల్లబల్ల:
మరి క్లాసులో నలభై మంది పిల్లలు, హోంవర్కు ఎవరూ చేయరు, పై నుంచి ఒత్తిడి అని రాస్తే? అదీ విమర్శేగా?

చివరి బెంచి:
అది పరిస్థితి మీద విమర్శ, అందులో ఏ పిల్లా గుర్తుపట్టేలా కనిపించదు. దానికి నోటీసు ఇచ్చే హెడ్మాస్టర్‌ది తప్పు, అక్కడ మీ పక్షమే.

సుజాత:
ఏది రాయొచ్చో, ఏది రాయకూడదో ఆ గీత రాతపూర్వకంగా ముందే ఇవ్వకుండా, గొడవయ్యాక నోటీసు తీస్తే మాత్రం నేను టీచర్ వైపే.