నవంబర్ కార్యక్రమం: హవల్దార్ గారు వస్తానన్నారు, కొన్ని మార్పులు చేయాలి

చిత్తూరు నుంచి, కార్యక్రమ సమన్వయం:
అందరికీ నమస్కారం. నిన్న హవల్దార్ గారింటికి వెళ్లొచ్చాను. డాలస్‌లో మన సంఘం పెట్టుకునే నవంబరు కార్యక్రమంలో వీడియో ద్వారా మాట్లాడతానన్నారు. అయితే మనం రాసుకున్నవాటిలో శాలువా, జ్ఞాపిక, యుద్ధం దృశ్యాలతో పరిచయ వీడియో, మూడూ వద్దన్నారు. నాకూ అదే సబబనిపించింది.

1999 కార్గిల్ యుద్ధంలో, ద్రాస్‌లో మందుపాతర పేలి ఆయన ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది. వెంట నడుస్తున్న స్నేహితుడు, పుంగనూరు ప్రాంతం వాడు, అక్కడే ప్రాణం విడిచాడు. పుణె కృత్రిమ అవయవ కేంద్రంలో కాలు పెట్టించుకుని ఇంటికొచ్చాక చాలాకాలం ఎవరితోనూ మాట్లాడలేదంట. ఆయన్ని మళ్లీ గడప దాటించింది ఆ స్నేహితుడి భార్య. సైన్యం రికార్డులో ఆమె పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉండటంతో కుటుంబ పెన్షన్ ఆగిపోయింది. హవల్దార్ గారు ఆమె వెంట జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, రికార్డ్ ఆఫీసుకు అర్జీలు రాసి, పేరు సరిచేయించేదాకా వదల్లేదు. ఆ సంగతి తెలిసి పలమనేరు, కుప్పం నుంచి కూడా కాగితాల సంచులతో జనం రావడం మొదలైంది.

ఇప్పుడు ఎక్కువగా వచ్చేది సర్వీసు పూర్తిచేసి రిటైరైనవాళ్లు. ఉద్యోగంలోనే చెవుడో నడుం నొప్పో వచ్చినా వైకల్య పెన్షన్ తక్కువగా లెక్కగట్టినవాళ్లు. వైకల్యం 20 శాతం నుంచి 50 లోపుంటే 50గా లెక్కించే సౌకర్యం సర్వీసు ముగించి రిటైరైనవాళ్లకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో తేల్చింది. ఆ తీర్పు సంగతే తెలియనివాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల ఫైళ్లు తీసుకుని హవల్దార్ గారు చెన్నైలో సైనికుల సర్వీసు, పెన్షన్ కేసులు వినే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు పోతుంటారు. తిరుపతిలో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఆ కాలితోనే.

ఇంత పని చేస్తున్న మనిషిని వేదిక మీద నిలబెట్టి చప్పట్లు కొట్టి పంపేస్తే నా మనసు ఒప్పుకోదు.

వేదిక కమిటీ:
సరే అన్నా, సన్మానం తీసేస్తాం. ఆ సమయంలో ఏం పెడదాం? మాకు శనివారం రాత్రి 8 అయితే మీకెంత?

చిత్తూరు నుంచి:
డాలస్‌లో రాత్రి 8 అంటే ఇక్కడ ఆదివారం ఉదయం 7:30. ఆయనకు ఇబ్బంది లేదు. ప్రసంగం పావుగంట చాలు. మిగతా సమయం కాగితాల బల్లకు ఇద్దాం. మన సభ్యుల్లో మాజీ సైనికుల బిడ్డలు చాలామందే ఉన్నారు. నాన్న డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ ఉత్తర్వు, అమ్మ ఆధార్ ఫోటోలు ఫోనులో తెచ్చుకోమనండి. మూడింట్లోనూ అమ్మ పేరు, పుట్టిన తేదీ ఒకటేనా అని చూడటమే పని. నాన్న బతికుండగా ఈ తేడా దిద్దుకోవడం సులువు. ఆయన పోయాక అమ్మ ఒక్కతే తిరగాలి.

భోజనాల కమిటీ అక్క:
తమ్ముడూ, మా మామగారు ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. పెన్షన్ కోసం బతికే ఉన్నట్టు చూపే జీవన ప్రమాణ పత్రం నవంబరులో ఇవ్వాలి కదా, ఊరికి పోవాల్సిందేనా?

చిత్తూరు నుంచి:
అవసరం లేదక్కా. భారత కాన్సులేట్‌లోనూ పత్రం తీసుకోవచ్చు. ఆ తర్వాత అది స్పర్శ్‌లో, అంటే సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో, నమోదైందో లేదో తప్పకుండా చూసుకోండి. అందకపోతే పెన్షన్ ఆగిపోతుంది. ఇది నవంబరు కాబట్టే హవల్దార్ గారు ఒక్క ఆదివారమే ఖాళీ ఇచ్చారు. మిగతా రోజులన్నీ ముసలివాళ్లను కూర్చోబెట్టి ఫోనులో ముఖం చూపించి పత్రాలు నమోదు చేయించడానికే సరిపోతాయి.

వేదిక కమిటీ:
బల్లలు రెండు సిద్ధం. శాలువా డబ్బు?

చిత్తూరు నుంచి:
చెన్నైకి పోలేనివాళ్ల దారి ఖర్చులకు వాడమన్నారు. కోశాధికారి గారు ఒప్పుకుంటే ప్రకటనలో అలాగే రాద్దాం. బల్ల దగ్గర హిందీ చదవగలిగినవాళ్లు ఇద్దరు కావాలి, పాత డిశ్చార్జి పుస్తకాల్లో అవసరపడొచ్చు. గురువారంలోగా పేర్లివ్వండి.