అప్‌డేట్: పాలు చాలడం లేదని అడిగాను కదా, పాప బరువు పెరిగింది

పాపకి నా పాలు చాలడం లేదు, ఏం చేయాలని పదిహేను రోజుల కిందట ఇక్కడ అడిగింది నేనే. కావలిలో పుట్టింట్లో ఉన్నా. అప్పుడు పాపకి 12 రోజులు, పుట్టినప్పుడు 2.8 కిలోలున్నది 2.6కి తగ్గింది, అందరూ డబ్బా పాలు పట్టమన్నారు.

మీలో ఒక అక్క చెప్పిన, తల్లిపాలు పట్టించడం నేర్పే ఆన్‌లైన్ క్లాసులో చేరాను. ఫోన్ చెంబుకి ఆనించి కూర్చున్నా. నర్సమ్మ బొమ్మతో చూపించారు. పాలు తక్కువై కాదు, పట్టించడమే నాకు రాలేదు. చనుమొన ఒక్కటే నోట్లో పెడుతున్నా. చుట్టూ ఉన్న నల్లభాగం కూడా చాలావరకు లోపలికి పోవాలి, గడ్డం రొమ్ముకి తగలాలి, కింది పెదవి బయటికి తిరగాలి. సరిగా పట్టకపోతే నోటి మూలలో చిటికెన వేలు పెట్టి విడిపించి మళ్లీ పట్టించాలి. (లాగారో, ప్రాణం పోతుంది!) మూడో రోజుకి చనుమొనల నొప్పి తగ్గింది, గుటకల శబ్దం వినిపించింది.

ఇప్పుడు రోజుకి 8 నుంచి 12 సార్లు పడుతున్నా. పాలు చాలుతున్నాయో లేదో తెలియడానికి, రోజుకి తడిసిన గుడ్డలు ఆరు దాటాయా లేదా అని అమ్మ దండెం మీద లెక్కపెడుతోంది.

గొడవంతా నీళ్ల దగ్గరే. బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని అమ్మ గ్లాసుతో కొలిచి ఇచ్చేది. దాహమైనంత తాగాలని నర్సమ్మ చెప్పింది స్పీకర్‌లో వినిపించా. ఇప్పుడు చెంబు పక్కనే పెడుతోంది, సణుగుతూనే. పాపకి మాత్రం ఆరు నెలలదాకా నీళ్లు కూడా వద్దట. ఈ ఎండల్లో ఎలాగా అని టెన్షన్ పడ్డా. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లేనట.

నిన్న తూకం 3.05 కిలోలు. కొన్న డబ్బా సీలు తీయలేదు. దాని మీదే తల్లిపాలు శ్రేష్ఠమని రాసుంది, డబ్బా పాల అమ్మకాల మీద 1992లో వచ్చిన చట్టం ప్రకారం రాయాల్సిందేనట. ఇన్నాళ్లూ చూడనేలేదు.