లిథియం బ్యాటరీలో ఎలక్ట్రోలైట్ మళ్లీ పోయించవచ్చా? మన ఎండకు ఆగేది ఏది?

ప్రశ్న (భీమవరం దగ్గర, రొయ్యల రైతు)
నమస్కారమండి. చెరువుల మీద తిరగడానికి ఎలక్ట్రిక్ స్కూటర్ వాడుతున్నాను. ఈ వేసవిలో ఛార్జింగ్ అసలు నిలబడట్లేదు. ప్యాక్ విప్పిస్తే రెండు సెల్స్ ఉబ్బి ఉన్నాయి. మెకానిక్ "లోపల ఎలక్ట్రోలైట్ అయిపోయింది, కొత్తది ఎక్కిద్దాం" అంటున్నాడు. ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోస్తాం కదా, దీనికీ అలా కుదురుతుందా? ఛార్జింగ్ మధ్యాహ్నం పూట గట్టు మీద రేకుల షెడ్డులో పెడుతుంటాం.

జవాబు (తణుకు)
ఆ పని చేయించకండి. ఇన్వర్టర్ బ్యాటరీలో తగ్గేది నీళ్లు, అందుకే నీళ్లు పోస్తే సరిపోతుంది. లిథియం సెల్‌లో నీళ్లే శత్రువు. అందులో ఉండేది లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణం. దాన్ని ఇథిలీన్ కార్బొనేట్, డైమిథైల్ కార్బొనేట్ లాంటి మండే ద్రావకాల్లో కరిగిస్తారు. ఆ ద్రవమే ఎలక్ట్రోలైట్. కొంచెం తేమ తగిలినా ఆ లవణం విడిపోయి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది చర్మాన్ని, లోపల ఎముకను కూడా తినేస్తుంది. ఫ్యాక్టరీలో ఈ ద్రవాన్ని తేమ లేని గదుల్లో నింపుతారు. మన గాలిలో సెల్ మూత తీయడమే ప్రమాదం.

పైగా మీ సెల్‌లో ద్రవం ఊరికే ఆవిరైపోలేదు. సెల్‌లో నెగటివ్ వైపు ఉండే గ్రాఫైట్ మీద ఎలక్ట్రోలైట్ కొంత విరిగి పల్చటి పొరగా ఏర్పడుతుంది. తర్వాత ద్రవాన్ని కాపాడేది ఆ పొరే. వేడికి పొర దెబ్బతింటే మళ్లీ కట్టుకోవడానికి ఇంకొంత ద్రవం, ఇంకొంత లిథియం ఖర్చవుతాయి. వాయువులు పుట్టి సెల్ ఉబ్బుతుంది. పోయిన లిథియం కొత్త ద్రవం పోస్తే తిరిగి రాదు. రేకుల కింద, మధ్యాహ్నం, ఫుల్ ఛార్జ్: ఈ మూడూ కలిస్తే ఇదంతా వేగంగా జరుగుతుంది.

ప్రశ్న (అమలాపురం, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థిని)
సార్, మన వాతావరణానికి ఆగే ఎలక్ట్రోలైట్ మీద ప్రాజెక్టు చేయాలని ఉంది. ఇప్పుడున్నదాంట్లో ఏం మార్చొచ్చు? మా కాలేజీ ల్యాబ్‌లో గ్లోవ్ బాక్స్ (గాలి, తేమ చొరబడని పెట్టె) లేదు.

జవాబు (తణుకు)
మంచి ఆలోచనమ్మా. నేను గట్టిగా నమ్మేది ఒకటి చెబుతాను. చలిదేశాల్లో మంచులో కూడా బ్యాటరీ పనిచేయాలి కాబట్టి పల్చటి, తేలిగ్గా ఆవిరయ్యే ద్రావకాలు కలుపుతారు. డైమిథైల్ కార్బొనేట్ 90 డిగ్రీలకే మరుగుతుంది. కోనసీమలో మంచు కురవదు కదా! మనం ఆ సౌకర్యం కొంత వదులుకుని, 126 డిగ్రీల దగ్గర మరిగే డైఇథైల్ కార్బొనేట్ వైపు జరగొచ్చు. ఇథిలీన్ కార్బొనేట్ 248 డిగ్రీల వరకూ మరగదు, పొర కట్టేదీ అదే. కానీ 36 డిగ్రీల కింద గడ్డకడుతుంది కాబట్టి ఒంటరిగా వాడలేం. ప్రొపిలీన్ కార్బొనేట్ మన చలికి గడ్డకట్టదు, కానీ గ్రాఫైట్ పొరల మధ్యకు దూరి దాన్ని రేకులు రేకులుగా ఊడదీస్తుంది.

తర్వాత పొర. వినిలీన్ కార్బొనేట్ ఒకటి రెండు శాతం కలిపితే పొర గట్టిగా, వేడికి ఆగేలా కడుతుంది. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇక్కడే. ఇక లవణం మార్చాలంటే ఎల్‌ఐఎఫ్‌ఎస్‌ఐ (LiFSI) అనే మరో లిథియం లవణం ఉంది. వేడినీ తేమనీ మెరుగ్గా తట్టుకుంటుంది కానీ మామూలు గాఢతలో సెల్ లోపల పాజిటివ్ వైపు ఉండే అల్యూమినియం రేకును తినేస్తుంది. అందుకే దాన్ని పాత లవణంతో కలిపి వాడతారు. లేదా గాఢత బాగా పెంచుతారు. అప్పుడు ద్రావకం అణువులన్నీ లిథియంతో కట్టుబడిపోయి, రేకును కరిగించడానికి విడిగా ఏమీ మిగలదు. కానీ ద్రవం చిక్కబడుతుంది, ఖర్చూ పెరుగుతుంది. లవణాన్ని కరిగించని ఫ్లోరిన్ ఈథర్ కలిపి ఆ చిక్కదనాన్ని తగ్గించడం మీద ఇప్పుడు చాలా పని జరుగుతోంది.

గ్లోవ్ బాక్స్ లేకుండా ఇవేవీ ముట్టుకోవద్దు. మీరు లిథియం క్లోరైడ్‌ను నీటిలో రకరకాల గాఢతల్లో కరిగించి వాహకత (కరెంటు ఎంత బాగా పారుతుందో) కొలవండి. మొదట పెరుగుతుంది, ఒక గాఢత దాటాక తగ్గుతుంది. అయాన్లు ఎక్కువైనా చిక్కటి ద్రవంలో కదల్లేవు. బ్యాటరీల్లో ఒక మోలార్ (లీటరుకు ఒక మోల్ లవణం) దగ్గరే ఎందుకు ఆగారో దీన్నిబట్టి అర్థమవుతుంది. 25, 40, 55 డిగ్రీల దగ్గర విడివిడిగా కొలిస్తే ప్రాజెక్టుకు మంచి గ్రాఫులు వస్తాయి. ఆ ఉప్పు మన గాలిలో ఇట్టే చెమ్మగిల్లుతుంది, అందుకే ముందు ఓవెన్‌లో ఆరబెట్టి వెంటనే తూచండి. గ్లవ్స్ తప్పనిసరి.

ప్రశ్న (భీమవరం)
ఆయ్, అర్థమైందండి. మరి ఆ ఉబ్బిన సెల్స్ ఏం చేయమంటారు?

జవాబు (తణుకు)
మళ్లీ ఛార్జ్ పెట్టకండి, పొడవకండి, నొక్కి సమం చేయకండి. తియ్యటి థిన్నర్ వాసన వస్తుంటే లీకవుతున్నట్టే. చేత్తో ముట్టుకోకుండా దూరం జరగండి. ఆ వాసన లేకపోతే సెల్స్‌ను ఇంటికి, మేత బస్తాలకు, డీజిల్ డబ్బాలకు దూరంగా, నీడలో పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బాలో ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవారికి అప్పగించండి. పాత ఇనుముకు వేయొద్దు. కొత్త ప్యాక్ వచ్చాక ఛార్జింగ్ రాత్రి చల్లబడ్డాక పెట్టండి. కొన్నాళ్లు బండి వాడకపోతే సగం ఛార్జ్‌లో వదిలేయండి.