సేవకు మార్కులు పెడితే నాయకులు తయారవుతారా?

అనంతపురం అధ్యాపకుడు:
ప్రతి విద్యార్థీ ఏడాదికి ఇన్ని గంటలు సేవ చేసి తీరాలని, చేసినవారికే అంతర్గత మార్కులు వేయాలని మా డిగ్రీ కళాశాల అధ్యాపకుల సమావేశంలో గత వారం ఒక ప్రతిపాదన వచ్చింది. అప్పుడే పిల్లలకు బాధ్యత, నాయకత్వం అలవడతాయని ప్రతిపాదించినవారి వాదన. జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) ప్రోగ్రాం ఆఫీసరుగా ఐదేళ్లు పనిచేసిన నేను దీన్ని వ్యతిరేకిస్తున్నాను.

గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైన ఈ పథకం ‘నేను కాదు, మీరు’ అన్న మాటను తన నినాదంగా పెట్టుకుంది. మేము నడిపే ఏడు రోజుల శిబిరాల్లో ఆ ‘మీరు’ ఎవరో, వారికి ఏం కావాలో అడిగే అలవాటే లేదు. మూడేళ్ల క్రితం మా దత్తత గ్రామంలో యాభై మంది పిల్లలు ఎండలో నిలబడి బడి చుట్టూ ఉన్న కంప అంతా కొట్టారు. చివరి రోజు ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, “ఈ కంప వానలు పడితే మళ్లా మొలుస్తుంది సార్, చెరువుకు నీళ్లొచ్చే వంక పూడిపోయి నాలుగేళ్లాయె, దాని సంగతి ఒక్కరన్నా అడిగినారా?” అన్నాడు. ఏ రోజు ఏ పని చేయాలో నా గదిలో కూర్చుని నేనొక్కడినే నిర్ణయించాను కాబట్టి ఆ తప్పు నాదే. రిజిస్టరులో మాత్రం ఒక్కొక్కరికి ఏడాదికి 120 గంటలు సరిగ్గా లెక్క తేలాయి. మార్కులు కూడా తోడైతే ఆ రిజిస్టరు ఇంకా చక్కగా నిండుతుందే తప్ప వంక పూడిక ఎవరి కంటా పడదు.

కర్నూలు పూర్వ విద్యార్థి:
సార్, మీ ఆవేదన న్యాయమైనదే గానీ మీ నిర్ణయంతో నేను ఏకీభవించలేను. నేను కేవలం సర్టిఫికెట్ కోసమే ఎన్.ఎస్.ఎస్.లో పేరు ఇచ్చినవాడిని. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ పొంగి మా ఊరు మునిగి, నీళ్లు తీసిన తరువాత ఇళ్లల్లో మోకాటి లోతు బురద మిగిలినప్పుడు, మా పేర్లు జాబితాలో ఉన్నందువల్లనే మాకు పిలుపు వచ్చింది. మొదటి రోజు హాజరు కోసమే వెళ్లాను. ఒక ముసలమ్మ ట్రంకుపెట్టెలో నానిపోయిన పట్టాదారు పాసుపుస్తకాన్ని ఒక్కొక్క పుట విడదీసి ఆరబెట్టి ఇచ్చాక, మిగిలిన రోజులు నన్నెవరూ పిలవనవసరం లేకపోయింది. పేరు ఇమ్మని ఒత్తిడి చేయకపోతే నేను ఆ వీధికే వెళ్లి ఉండేవాడిని కాదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఏ వీధికి ఎవరు వెళ్లాలో, పారలూ తట్టలూ ఎక్కడ దొరుకుతాయో చెప్పే పెద్దలు లేని ఆ గందరగోళంలో, తరగతిలో ఎన్నడూ నోరు విప్పని మా సహవిద్యార్థి ఒకడు ఆ భారమంతా తన మీద వేసుకున్నాడు.

కడప జిల్లా, బి.ఎస్‌సీ. మూడో సంవత్సరం విద్యార్థిని:
అన్నా, ఆ మౌనంగా ఉండే విద్యార్థి స్థానంలో ఒక అమ్మాయి ఉంటే ఆమెకు ఆ అవకాశం వచ్చేదా? మా కళాశాలలో వాలంటీర్ల నాయకుడిని సార్లే ఎంపిక చేస్తారు, ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా అమ్మాయిని చేయలేదు. మాకు వచ్చే పనులు ముగ్గులు వేయడం, ప్రార్థన గీతం పాడడం, వచ్చిన అతిథికి పూలగుచ్ఛం ఇవ్వడం. రక్తదాన శిబిరానికి దాతల జాబితా తయారుచేసింది నేనైనా, వేదిక మీద ఆ వివరాలు చదివింది వేరొకరు. సేవను తప్పనిసరి చేసేవారు మరొక సంగతి కూడా ఆలోచించాలి. మా ఊరికి చివరి బస్సు సాయంత్రం ఐదుంబావుకు. ఆ తరువాత పెట్టే కార్యక్రమానికి నేను రాకపోతే అది నా నిర్లక్ష్యంగా లెక్కించి మార్కులు కోయడం న్యాయం కాదు.

విశ్రాంత ప్రిన్సిపాల్, కర్నూలు జిల్లా:
నాయకులను విద్యార్థులే ఎన్నుకోవాలని ఇక ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెబుతున్నాను. 1980ల చివరలో మన రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎందుకు ఆగాయో ఆ రోజుల్లో పాఠాలు చెప్పిన మాకు తెలుసు. ఊళ్లలోని వర్గాలు హాస్టల్ గదుల దాకా వచ్చాయి. విద్యార్థి సంఘాల ఎన్నికల కోసం లింగ్డో కమిటీ రూపొందించగా సుప్రీంకోర్టు 2006లో ఆమోదించిన నియమాల ప్రకారం అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి. నియమాలు మంచివే, కానీ వాటిని అమలు చేయవలసినవారికి స్థానికంగా ఎంత బలం ఉంటుందన్నదే నా సందేహం.

అనంతపురం అధ్యాపకుడు:
పెద్దల భయం కాదనలేనిది, అయితే నేను కోరేది కళాశాల మొత్తానికి ఎన్నికలు కాదు. వంద మంది ఉన్న ఒక యూనిట్ తన నాయకురాలినో నాయకుడినో తానే ఎంచుకోవడానికి పోస్టర్లూ ఊరేగింపులూ అక్కరలేదు. కర్నూలు మిత్రుడి అనుభవం చదివాక నా అభిప్రాయం కొంత మారింది: మొదటి సంవత్సరం అందరి పేర్లూ నమోదు చేయడానికి ఇప్పుడు నాకు అభ్యంతరం లేదు. మార్కులకు మాత్రం ఒప్పుకోను. గ్రామానికి ముందుగా వెళ్లి అడిగి రావడం, పని ఎంచుకోవడం, శిబిరం డబ్బు లెక్క రాయడం ఈ ఏడాది విద్యార్థులకే అప్పగిస్తాను. లెక్క తప్పితే దిద్దడానికి నేను ఉంటాను. అమ్మా, నువ్వు చెప్పిన బస్సు సమయాన్ని మా సమావేశంలో ప్రస్తావిస్తాను. నీలాంటి పిల్లలకు ఇంకేం అడ్డువస్తుందో కూడా చెప్పు.

కడప జిల్లా, బి.ఎస్‌సీ. మూడో సంవత్సరం విద్యార్థిని:
శిబిరం తేదీలు సార్. వేరుశనగ పీకే రోజుల్లో పెట్టవద్దు. ఆ పదిహేను రోజులు కూలీలు దొరకరు, మా ఇంట్లో నేను కూడా చేనికి వెళ్లాలి.